ఉరుముకి ఆపేసిన ఫోను

బుధవారం

అబ్బాయికి దగ్గు తగ్గిందా అంటే తగ్గలేదు. కోడలి మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మనవరాలికి జొరం లేదు. నాకే గుండె దడ.

వెనక షెడ్డులో మా మూరీ మిల్లు, అదే మరమరాల మిల్లు, దాన్ని నడిపే కరెంటు బోర్డు ఇప్పుడు అన్ని లెక్కలూ తనే కట్టుకోదట. పొయ్యి వేడి సంగతి మా అలమారలో పాత ఫోను చూస్తాదట, పెద్ద లెక్కలు ఎక్కడో క్లౌడులో అవుతాయట. "అమ్మా, దాన్ని ముట్టుకోకే" అని అబ్బాయి ఎన్నిసార్లు చెప్పినాడో. మధ్యాన్నం ఉరిమింది. ఉరిమితే అన్నీ ఆపేయడం నాకు చిన్నప్పటి అలవాటు. టీవీతో పాటు ఆ ఫోన్నీ ఆపేసినాను. మిల్లు ఆగిపోయింది, పొయ్యిమీది బియ్యం మాడిపోయినాయి.

"ఏటి నొక్కినావు హారాధన్ దా? ముసలోడివైపోయినావు" అన్నాడు అబ్బాయి, పనోళ్ళందరి ముందూ. ఇరవయ్యేళ్ళుగా మా పొయ్యి చూస్తన్న మనిషి హారాధన్, అబ్బాయి 'దా' అని, అంటే అన్నా అని, పిలిచే మనిషి.

"నేనేటీ ముట్టలేదు బాబూ" అని తల దించుకున్నాడు.

నేను గుమ్మంలోనే ఉన్నాను. లోపలికెళ్ళి ఫోను మెల్లిగా ఆన్ చేసేసినాను. సాయంత్రం చెప్పేద్దామని అబ్బాయి దగ్గరికెళ్ళి, మందేసుకున్నావా అని అడిగి వచ్చేసినాను. ఈ వయసులో ఇదేటి బతుకు...

ముందు హారాధన్‌కే చెప్పాలి. నిమ్‌పురాలో వాళ్ళావిడకి ఫోన్ చేసినాను, వస్తానని. "రండి దీదీ, లుచీలు చేస్తాను" అని సంబరపడింది; లుచీలంటే వాళ్ళ పూరీలు. ఎందుకొస్తున్నానో అడగలేదు.

ఆదివారం, పొద్దున్న తొమ్మిదింటికి వెళ్ళాలి.