పేజీ కింద నంబరు

సోమవారం రాత్రి, సిద్దిపేట

డిగ్రీ పిల్లలకు ఇంటర్నెట్ ప్రకటనల పాఠంల నేనే చెప్పిన, పేజీ కింద ఫోన్ నంబరుంటేనే జనం నమ్ముతరని. నా క్లాసుల షాహీన్ గట్లనే చేసింది. రేపటి ప్రత్యేక తెలంగాణ రాస్తారోకోకు రమ్మని నెట్‌ల పేజీ పెట్టి, కింద తన సొంత నంబరే ఇచ్చింది.

సాయంత్రం పోలీసాయన ఫోన్ చేసి, "ఇల్లెక్కడమ్మా నీది?" అని మెల్లగ అడిగిండట. ఉరుక్కుంట నా దగ్గరికొచ్చింది. పేజీ తీసేసినం గని, అప్పటికే ఎంతమంది చూసిన్రో.

"నువ్వు నేర్పినట్టే చేసింది గదక్కా, నూటికి నూరెయ్యి," అన్నది మా చెల్లె. ఎవ్వరం నవ్వలేదు.

వాళ్లమ్మకు చెప్పి పిల్లను ఈడనే పండుకోబెట్టిన. దాని ఫోన్ దేవుని గూట్ల పెట్టిన. ఇప్పుడే మల్ల మోగింది. ఎత్తలేకపోయిన.

పొద్దున మోగితే నేనే ఎత్తాలె. నేర్పింది నేనని చెప్పాలె. స్వామీ, అప్పుడు నా గొంతు పోనియ్యకు.