ఏడు ఒకట్లు

నవంబరు 4
227. శేషం 173. 229. శేషం 3. ఈ రోజుకి చాలు.
11,11,111ని మళ్ళీ మొదటి నుంచీ భాగిస్తున్నాను. రిటైరయ్యాక వేరే పనేముంది. క్యాలిక్యులేటరు ముట్టుకోను, అదో పంతం. ఇది ప్రధాన సంఖ్య, ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ పోదు అని ముప్పై ఏళ్ళు పదో తరగతికి చెప్పాను. ఆ ముచ్చట ఇంకోసారి చూసుకుందామని...
మా ఆవిడ — "టీవీ అయినా పెట్టుకోండి, ఈ భాగహారాలేంటండీ."

నవంబరు 5
233. శేషం 167.
239. శేషం —

అదే రోజు, సాయంత్రం
మూడుసార్లు చేశాను. 4649 సార్లు సరిగ్గా పోతోంది. శేషం సున్నా. ప్రధాన సంఖ్య కాదు. ఆ సంఖ్యకేం, అది ఎప్పుడూ ఇంతే. తెలియంది నాకే.

నవంబరు 6
ఒక ఏడాది దీన్ని క్లాసుకి పంచాను. వర్గమూలం 1054, ఆ లోపు ప్రధాన సంఖ్యలు నూట డెబ్భై ఏడు, ఆ పైన చూడక్కర్లేదు. నలభై నాలుగు మంది, తలకి నాలుగు. మిగిలింది నాకు. రోల్ నంబరు పదమూడు, సువార్త. ఆమె వాటాలో ఆఖరిది 239.
"ఇది పోయిందండి మాస్టారూ."
పోదు, మళ్ళీ చెయ్యి అన్నాను. చేసి తెచ్చింది. "పోయిందండి."
బుర్ర పెట్టి చెయ్యమ్మా అన్నాను. క్లాసంతా నవ్వింది. మూడోసారి శేషం 6 అని తెచ్చింది. ఇప్పుడు సరిగ్గా చేశావని ఎర్ర సిరాతో రైటు కొట్టాను. అంతకుముందు వేసవిలోనే నేను ఒక్కణ్ణే అన్నీ భాగించి చూసుకున్నాను మరి. నేనే ఎక్కడో తీసివేత తప్పి ఉంటాను.

నవంబరు 8
సిగ్గుగా ఉంది.

నవంబరు 9
చర్చి దగ్గర సువార్త అన్నయ్య. "రాజోలులో లెక్కల టీచరండి. ఆయ్, ఎప్పుడూ మీ పేరే చెప్తుందండి." ఫోన్ నంబరు తీసుకున్నాను.

నవంబరు 11
ఫోన్ చేశాను. 239తో పోతుందమ్మా, నువ్వే రైటు అన్నాను.
"తెలుసండి మాస్టారూ. ఆ రోజే తెలుసండి."
మరి ఆ ఆరు ఎక్కడిది?
"మీకు ఏదో ఒక శేషం కావాలి కదండీ."
గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.
ఏటా తన పిల్లలకి ఇదే సంఖ్య పంచుతుందట. ఈ ఏడాదికి ఈ శుక్రవారం. "239 వచ్చిన పిల్ల లేచి, పోయిందండి అంటుంది. అని నా మొహం కేసి చూస్తుందండి, ఏమంటానో అని. మీరొక్కసారి వచ్చి వెనక బెంచీలో కూచోండి మాస్టారూ."
చూస్తానన్నాను.

నవంబరు 13
మా ఆవిడ చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది. ఎక్కడికని అడిగింది. చెప్పలేదు. వెళ్తే ఆ పిల్ల లేచి నిలబడటం చూడాలి. వెళ్ళకపోతే సువార్త ఏమీ అనదు. మాస్టారికి ఒంట్లో బాగాలేదేమో అనుకుని, నా కోసం ఇంకోసారి లెక్క సర్దేసుకుంటుంది.
రేపు రాజోలు బస్సు ఏడింటికి...