కంప్యూటరు తలుపు తట్టేది వాడు కాదక్కా

ముంబయి

మాబున్నక్కకు తమ్ముడు కాశీం సలాములు. ఇక్కడ నేను, నీ మరదలు అల్లా దయవల్ల బాగానే ఉన్నాం. నువ్వు, బావ, ముంతాజు ఎలా ఉన్నారు? నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఆదోని పక్క వానలు లేక పత్తి ఎండుతోందని విన్నాను. ఇక్కడేమో ఆకాశానికి చిల్లు పడింది. ఉతికిన బట్టలు ఆరక వాసన కొడుతున్నాయి, డ్యూటీకి తడి యూనిఫారంతోనే పోతున్నాను. ఆఫీసు గేటు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్లకు సలాం కొట్టడమే పని, పేరు మాత్రం సెక్యూరిటీ.

తిండి సంగతి అడగొద్దు. బన్నులో బజ్జీ పెట్టి ఇస్తారు, అదే టిఫిను. బొరుగుల ఉగ్గాని తిని ఎన్నాళ్లయిందో! ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే అన్నంలో కలుపుకోవడానికి కాస్త గురెళ్ల పొడి పంపు. ఇంత పెద్ద ఊళ్లో "ఏం కాశీమన్నా, తింటివా?" అని అడిగే దిక్కు లేదు.

ఇక అసలు సంగతి. ఫోనులో చెబుదామంటే నువ్వు ఏడుస్తావు, నేను నీళ్లు నములుతాను. అందుకే రాస్తున్నాను. ముంతాజూ, అమ్మను కూర్చోబెట్టి మెల్లగా చదువు తల్లీ.

మన పిల్లోడు దస్తగిరి వాళ్ల నాయనతో గొడవపడి ఇల్లు విడిచి పోయినప్పటి నుంచి వాడి కంప్యూటరును నువ్వు ఎవరినీ ఆపనివ్వడం లేదని నాకు తెలుసు. దాని మూలన ఎర్ర పెట్టె ఒకటి వస్తోందని, "లోపలికి రావడానికి ఎవరో ప్రయత్నించారు, అడ్డుకున్నాం" అని అందులో ఉంటోందని ముంతాజు చెప్పింది. వెంటనే నువ్వు ఫోను లాక్కుని అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

"వాడేరా కాశీమూ! నా కొడుకు ఇంటికి రావాలని సూస్తాండాడు. ఆ దిక్కుమాలిన మిషను రానిస్తా లేదు. యాడ నొక్కితే పోతాదో సెప్పు, తీసి పారేస్తా!"

అబద్ధమెందుకు, నేనూ ఆశపడ్డాను. మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే ప్రకాశ్ భాయిని అడిగాను. మంచి మనిషి, సెలవు రోజు తన ఇంటికే తీసుకుపోయాడు. వాళ్ల కంప్యూటరులోనూ అచ్చం అవే ఎర్ర పెట్టెలక్కా. ఆయన చూపిస్తూనే ఉన్నాడు, అవి వస్తూనే ఉన్నాయి. ఆయన కొడుకు మా పక్కనే కూర్చుని అటుకులు తింటున్నాడు.

"ఇవి మనుషులు కాదు" అన్నాడాయన. ఎక్కడెక్కడి దొంగలో నెట్టులోకి ప్రోగ్రాములు వదిలారట. కనిపించిన ప్రతి కంప్యూటరునూ అవి వరసగా నెట్టి చూస్తాయట, ఎక్కడైనా గడియ వేయలేదేమోనని. అది ఎవరి ఇల్లో వాటికి తెలియదు, అక్కర కూడా లేదు. వాటిని ఆపేదాన్ని ఫైర్‌వాల్ అంటారు. అడ్డుకున్నానని అది చెబుతోందంటే దాని పని సరిగ్గా చేస్తోందనే అర్థమట. తీసేస్తే మాత్రం ఆ దొంగలు లోపలికి దూరి, అందులోని దస్తగిరి ఫొటోలు కూడా మనకు దక్కకుండా చేయగలరట.

నేను వదల్లేదు. "మా అక్క కొడుకు పంపిన మెసేజీ ఏదైనా అందులో చిక్కుకుందేమో భాయ్? ఒక్కటైనా?" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూసి, "మీ అక్క ఫోను నెంబరు మార్చిందా?" అని అడిగాడు.

లేదన్నాను.

"ఆ నెంబరు వాడికి తెలుసా?"

నోటికి వచ్చన్నాను. ఆయన చాయ్ తెమ్మని లోపలికి కేకేశాడు.

అక్కా, మన వైపు నుంచి రైలు వచ్చినప్పుడల్లా స్టేషనుకు పోయి దిగే కుర్రాళ్ల మొహాలు చూసేవాణ్ణి. ఇప్పుడు అదీ మానేశాను. నువ్వు మాత్రం ఆ ఫైర్‌వాల్‌ను తీసేయొద్దు. ఆ ఎర్ర పెట్టెలు చూడలేకపోతే కంప్యూటరు ఆపేసి గుడ్డ కప్పు.

పెద్దమ్మకు, చిన్నాన్నకు నా సలాములు చెప్పి మా కోసం దువా చేయమను. నీ చేయి నా తల మీద ఉందనుకుంటూనే రోజూ గేటు దగ్గర నిలబడుతున్నాను. బావ నోరు తెరవడం లేదని కోపం పెట్టుకోకు. నీకు చెప్పొద్దన్నాడు గానీ చెప్పేస్తున్నాను. తన పరుపుల అంగడి నుంచి నాకు ఫోను చేశాడు. "ఆ మిషను తీసేస్తే పిల్లోడు వస్తాడేమో కదప్పా?" అన్నాడు. ఆయనకూ ఇదే చెప్పాను.

నీ తమ్ముడు
కాశీం