వాగు దగ్గర మంచె

మిషిగన్, నవంబరు

అటవీ కార్యాలయంలో డెలోరెస్ ట్రుడో గారికి,

ఆర్వో కంగాస్ నమస్కారాలు. సర్కారు అడవిలో, వాగు దగ్గర, నేను చెట్టుకు కట్టుకున్న వేట మంచె మీద ఎవరో తిష్ఠ వేశారు. నేను వెళ్ళేసరికే ఎక్కి కూర్చుంటున్నాడు. వేసవి నుంచీ కొమ్ములకు ఎనిమిది కొనలున్న దుప్పినొకదాన్ని కనిపెట్టుకుని ఉన్నాను. వచ్చే నెల మోకాలికి ఆపరేషను. ఆ తర్వాత నిచ్చెన ఎక్కుతానన్న ఆశ నాకు లేదు. దయచేసి వాణ్ణి దింపించండి.

ఇట్లు,
ఆర్వో కంగాస్

తా.క. వాడు వెళ్ళాక ఎక్కి చూశాను. వాడు వదిలిన దిండు మాత్రం మెత్తగా ఉంది.

*

కంగాస్ గారికి,

మంచె మీదే అయినా అడవి అందరిదీ. ముందు ఎక్కినవాళ్ళే కూర్చుంటారు. దింపే అధికారం నాకు లేదు. మంచె మీద మీ పేరు, చిరునామా ఉన్నాయో లేదో చూసుకోండి. చెట్టుకు మేకులు కొట్టకండి. వేట సీజను అయ్యాక మంచె విప్పి తీసుకుపోండి.

భవదీయురాలు,
డెలోరెస్ ట్రుడో

తా.క. మీ బాధ నాకు తెలుసు. నేనూ వేటకు వెళ్తాను. రెండేళ్ళుగా ఉత్త చేతులే.

*

ట్రుడో గారికి,

మంచి ఉపాయం చెప్పారు. శనివారం తెల్లవారుజామున మూడింటికే వెళ్ళి ఎక్కేశాను. తర్వాత వాడొచ్చాడు. చీకట్లో వేటగాళ్ళు వేసుకునే నారింజ రంగు కోటు తప్ప ఏమీ కనబడలేదు. కాసేపు పైకి చూసి, నోరెత్తకుండా వాగు దాటి పోయాడు. తెల్లారగానే అవతల తుపాకీ పేలింది. నా దుప్పి బెదిరి ఏ ఊరు పోయిందో ఏమో. వాడి మీద కేసు పెట్టండి. మంచె మీద పేరు అంటారా, ఆగస్టులో నేనే రాశాను. నా రాత నేను మళ్ళీ చదువుకోవాలా?

ఇట్లు,
ఆర్వో కంగాస్

తా.క. వాడు మరిచిపోయిన చాక్లెట్టు తిన్నాను. దానికేమన్నా జరిమానా ఉందా?

*

కంగాస్ గారికి,

శనివారం కింద నిలబడి పైకి చూసింది నేనే. మీరని తెలియలేదు. మీకు రాసిన నియమమే నాకూ కాబట్టి నోరెత్తలేకపోయాను. మీరు ఎక్కింది నా మంచె. దాని మీద ఉన్నది నా పేరు. దిండు సంగతి చదివినప్పుడే నాకు అనుమానం రావలసింది.

వాగు అవతల ఒక మంచె ఖాళీగా కనబడితే ఎక్కాను. తెల్లారాక ఎనిమిది కొనల కొమ్ముల దుప్పి నేరుగా దాని కిందికే వచ్చింది. దుప్పి వెనకాల ఎవరూ లేరని చూసుకునే కాల్చాను. దిగేటప్పుడు మంచె మీద పేరు చదివాను. ఆర్వో కంగాస్. ఆకు రాలితే ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ ఒక్కలాగే ఉంటాయి లెండి.

చాలా బాధగా ఉంది. సగం మాంసం మా తమ్ముడి చేత పంపిస్తున్నాను. ఇది నియమాల్లో లేదు.

భవదీయురాలు,
డెలోరెస్ ట్రుడో

తా.క. సీజను ఇంకా నాలుగు రోజులుంది. మీ మంచెకు మెట్లు తక్కువ, మోకాలికి సుఖం. కాస్త పెందలాడే వెళ్ళండి. అది నాకూ నచ్చింది.