పెద్దది దిగలేదు

అక్టోబర్ 3, శుక్రవారం

ఆదివారం అందరం కొండ శిఖరానికి వెళ్తున్నాం. పొద్దున బయల్దేరి సాయంత్రానికి వచ్చేయడమే. అక్క బతికుండగా వేసిన ప్లాన్ ఇది. తను అందరికీ కొన్న ఉన్ని టోపీలు ఏడాదిగా బీరువాలోనే ఉన్నాయి. అమ్మ ఇవాళ తీసి ఎండలో వేసింది. ఒకటి ఎక్కువుంది. దాన్నీ మిగతావాటి పక్కనే పరిచింది.

నాకు వెళ్ళాలని లేదు. ఆదివారం సెలవు అడిగితే కళ్ళద్దాల షాపు ఓనర్ ఆస్తి రాసిమ్మన్నట్టు చూశాడు. ఇవ్వనంటే బాగుండు అనుకున్నా. ఇచ్చాడు.

అక్టోబర్ 4, శనివారం

రేపు వ్యాన్‌లో ఎప్పట్లాగే పిలవమని అమ్మ నాన్నని అడిగింది. నాన్న తల ఊపాడు.

నాన్నది స్కూల్ వ్యాన్. పిల్లల్ని ఒక్కొక్కర్నీ పిలుస్తాడు, ఎక్కా అంటేనే బండి కదులుతుంది. చేరాక మళ్ళీ పిలుస్తాడు, దిగా అంటేనే తాళం పడుతుంది. ఎప్పుడో ఎవరి బండిలోనో ఒక పాప వెనక సీట్లో నిద్రపోయి అలాగే ఉండిపోయిందట. ఆ మాట విన్నప్పట్నుంచి ఈ పట్టుదల. ఇంట్లోవాళ్ళకీ మినహాయింపు లేదు. పెళ్ళికి వెళ్ళినా సరే, ముస్తాబై నడిరోడ్డు మీద నిలబడి దిగా, దిగా అని అరవాల్సిందే. సిగ్గుతో చచ్చేవాళ్ళం. ముందు అమ్మ, తర్వాత పెద్దది, చిన్నది, బాబు. చిన్నదాన్ని నేను. బాబంటే తమ్ముడు, గడ్డం వచ్చినా బాబే.

అక్క పోయాక నాన్న మమ్మల్ని పిలవడం మానేశాడు.

అక్టోబర్ 5, పొద్దున

ఎక్కాం. నాన్న అమ్మని పిలిచి, పెద్దదాన్ని దాటేసి, చిన్నదీ అన్నాడు. గండం గడిచింది.

అక్టోబర్ 5, ఇంటికొచ్చాక

జరిగింది జరిగినట్టు రాస్తున్నా. రాసేస్తే భయం తగ్గుతుందేమో.

పైన బాగానే ఉంది మొదట్లో. పార్కింగ్ దగ్గర్నుంచి మెట్లు. అమ్మ పదిసార్లు కూర్చుంది, కూర్చున్న ప్రతిసారీ అలసిపోలేదనే చెప్పింది. తమ్ముడు సెల్ఫీల కోసం అంచుదాకా పోయి తిట్లు తిన్నాడు. ఏడాది తర్వాత నాన్న నవ్వడం చూశా. అక్క ఉంటే ఎంత గోల చేసేదో అని అమ్మే అనేసింది, ఎవరూ ఏడవలేదు కూడా.

తర్వాత మంచు కమ్మింది. చూస్తూ ఉండగానే కొండ మాయం. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని వ్యాన్ దాకా దిగాం. అమ్మ ముందు సీట్లో, నేనూ తమ్ముడూ మధ్యలో. వెనక సీట్లో బ్యాగులు, మిగిలిన టోపీ. అంతే. కిటికీల బయట తెల్లగా ఉంది, ఇంకేం లేదు.

నాన్న కంగారులో ఉన్నాడు. పాత వరసే నోటికొచ్చింది. అమ్మ తర్వాత పెద్దదీ అన్నాడు.

వెనక నుంచి ఎక్కా అని వినిపించింది.

అక్క గొంతే. చివర్న కాస్త సాగదీస్తుంది, అలాగే. నాన్న ఒక్క క్షణం అద్దంలోకి చూసి, చిన్నదీ అన్నాడు. నేను ఎక్కా అన్నా. తమ్ముడూ ఎక్కా అన్నాడు. బండి కదిలింది. దారి పొడుగునా ఎవరూ వెనక్కి తిరగలేదు.

ఇంటి ముందు ఆగాక మళ్ళీ పిలిచాడు. అమ్మ దిగా అంది. పెద్దదీ అన్నాడు. చప్పుడు లేదు. నేను దిగా, తమ్ముడు దిగా. మమ్మల్ని లోపలికి పొమ్మన్నాడు, తను వస్తాడట. ఇంకా రాలేదు.

అక్టోబర్ 6

రాత్రంతా సీట్లోనే ఉన్నాడు. స్కూల్‌కి వెళ్ళలేదు.

అక్టోబర్ 8

తమ్ముడు నాతో మాట్లాడట్లేదు. అక్క గొంతుతో పలికింది నేనేనట, నాన్న మీద జాలితో చేశానట. ఫోన్లో నన్ను అందరూ అక్క అనుకునేవాళ్ళు, నిజమే. కానీ నేను కాదు. ఎన్నిసార్లు చెప్పాలి? వాడికి అలా అనుకుంటేనే నిద్ర పడుతుందేమో. పడనీ.

షాపులో ఒకాయన ఫ్రేమ్‌కి మర బిగిస్తూ విరిచేశా.

అక్టోబర్ 9

నాన్నకి దగ్గు పట్టుకుంది. భోజనం వ్యాన్ దగ్గరికే తీసుకెళ్తున్నాం. డాక్టర్ కూడా కిటికీలోంచే చూశాడు. ఛాతీలో గురగుర ఉందిట, ఇంకో రెండు రోజులు ఇలాగే చలిలో కూర్చుంటే హాస్పిటలేనట. నాన్న మర్యాదగా విన్నాడు. పెద్దది దిగలేదండీ, అదొక్కటే ఆలస్యం అన్నాడట.

తమ్ముడు చెయ్యి పట్టి లాగాడు. నాన్న స్టీరింగ్ వదల్లేదు.

అక్టోబర్ 10

అమ్మ వంటింట్లో చెప్పింది. నాకు తెలీదు ఈ సంగతి.

జ్వరంతో అక్కని హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది ఈ వ్యాన్‌లోనే. ఆ ఒంట్లోనూ అక్క ఎక్కా అందిట. అక్కడికి చేరేసరికి స్పృహ లేదు, స్ట్రెచర్ మీద దించారు. అక్క మరి కళ్ళు తెరవలేదు, దిగా అనలేదు. ఆ రోజు నుంచీ నాన్న వ్యాన్‌కి వెనక తలుపు తాళం వేయలేదట. రోజూ చూస్తూనే ఉన్నా, తలుపు పాడైందనుకున్నా. నా అంత మొద్దు ఇంకొకరుండరు.

అమ్మ నా మొహం వంక చూడకుండా అడిగింది. అక్కలాగా ఒక్కసారి దిగా అనమని.

చచ్చినా అనను అన్నా. గిన్నె విసిరేశా. అక్కని నా నోటితో పంపించేయమంటే ఎలా?

అక్టోబర్ 11, సాయంత్రం

దగ్గులో నెత్తురు చార పడింది.

వెనక తలుపు తీసుకుని ఎక్కా. టోపీ అక్కడే ఉంది, ఒళ్ళో పెట్టుకున్నా. నాన్న తిరగలేదు. టోపీ ఉన్ని పీకుతూ కూర్చున్నా. ఎంత కొట్టుకున్నాం మేమిద్దరం, జడపిన్నుల కోసం, మంచం మీద గోడ వైపు కోసం. గోడ వైపెప్పుడూ తనదే. ఈ ఏడాదిగా నేను పడుకుంటున్నా, గెలిచినట్టే లేదు.

నాన్న పెద్దదీ అన్నాడు. గొంతు అసలు లేదు ఆయనకి.

చివర్న సాగదీసి, దిగా అన్నా.

నాన్న పెద్దగా ఊపిరి వదిలాడు. తర్వాత, మామూలుగా, చిన్నదీ అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఎలాగో దిగా అని, బండి దిగా. నాన్న కిందికొచ్చి వెనక తలుపుకి తాళం వేశాడు. లోపలికొచ్చి వేడినీళ్ళు అడిగాడు. ఇప్పుడు తమ్ముడు హాస్పిటల్‌కి ఆటో పిలుస్తున్నాడు, నాన్న సరేనన్నాడు. మారాం చేయలేదు.

అమ్మ నన్ను పట్టుకుని, పంపించేశాం అంది. నేను తలూపా.

అక్టోబర్ 12

పంపించలేదు. బండి ఆగింది మా ఇంటి ముందు. అక్క దిగింది ఇక్కడే.

ఇవాళ గోడ వైపు వదిలి పడుకుంటా.