డైరెక్టరుగారు ఎక్కిన పడవ

ఆర్.కె.పురం, ఢిల్లీ
12 జూలై 2006

బావగారికి నమస్కారం.

ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం, మా ఆఫీసు పడవ తప్ప.

వరద సహాయానికని కొన్న మోటారు పడవను నిన్న యమునలో నడిపి చూశాం. దాని ప్రొపెల్లర్ పిచ్ పదమూడు. అంటే ఒక్క చుట్టు తిరిగితే పడవను పదమూడు అంగుళాలు ముందుకు నెట్టాలిట. ఐదుగురం ఎక్కితే రివ్వున పోయింది. ఆరోవారుగా మా డైరెక్టర్ చడ్ఢాగారు పరాఠాల డబ్బాతో సహా వెనక సీట్లో కూర్చోగానే పడవ ముక్కు ఆకాశానికి లేచింది, ఇంజను మూలగడం మొదలుపెట్టింది.

ఫరీదాబాద్ నుంచి వచ్చిన మెకానిక్ నా చెవిలో, "ఇంజన్ ఠీక్ హై సాబ్, బడే సాబ్‌కో ఉతార్ దో" అన్నాడు. దింపేదెవరు? నా ప్రమోషన్ ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. పైగా తాను హాయిగా షికారు చేస్తేగాని పడవ బాగుందని సంతకం పెట్టరు.

పిచ్ పదకొండుకు తగ్గిస్తే వేగం కాస్త తగ్గినా ఎంత బరువైనా లాగుతుందని మెకానిక్ అంటున్నాడు. పాతికేళ్లుగా కాకినాడలో పడవలకు ఇంజన్లు బిగిస్తున్నారు, నిజమో కాదో మీరే చెప్పాలి. నిజమైతే మీ షాపు లెటర్‌హెడ్ మీద రాసి, ముద్ర వేసి పంపండి. అక్కయ్యను అడిగానని చెప్పండి.

మార్చడానికి కారణం ఫైల్లో చూపించాలి. బరువు అన్న మాట మాత్రం ఎక్కడా రానివ్వకండి. యమున నీళ్లు మరీ చిక్కగా ఉన్నాయని రాయండి. ఆ మాట ఢిల్లీలో ఎవరూ కాదనరు.

మీ బావమరిది