సూది మానేశాక బావ పెట్టిన ముద్ద

కరక్ నుంచి తమ్ముడు సాయెల్ ఇర్బిద్‌లో ఉన్న అక్క రస్మియ్యాకు సలాములతో రాస్తున్నది.

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే ఖితామ్, పిల్లలు, నువ్వు నాకు అప్పజెప్పి వెళ్ళిన మల్లెతీగ, నా కొట్లో టైర్లు. నా కోపం కూడా మహా ఆరోగ్యంగా ఉంది. అక్కడ నువ్వూ, బాలింత అయిన నీ కూతురు సనాబెలూ, పుట్టిన బుడ్డోడూ క్షేమమే అనుకుంటున్నాను. ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటంటావేమో. నువ్వు ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెడతావు. సనాబెల్ అత్తగారు, ఆడబిడ్డలు, పక్కింటివాళ్ళు అందరూ వింటారు. ఇది వాళ్ళు వినే సంగతి కాదు. అందుకే బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపుతున్నాను.

ముందే చెబుతున్నాను, చదువుతూ మంచం మీద కూలబడకు. నీ మొగుడు దియాబ్ బావ పోయిన శుక్రవారం నలభై మంది మగాళ్ళ ముందు, నేనొక మాంసం ముక్క తినకపోతే నీకు విడాకులేనని, తలాక్ ఒట్టు పెట్టాడు. ఆ ఒట్టు నిన్ను తాకలేదని ముఫ్తీ గారు తేల్చేశారు. నువ్వింకా వాడి పెళ్ళానివే. సంతోషించాలో ఏడవాలో నువ్వే చూసుకో.

పోయిన ఉత్తరంలో నువ్వడిగినవి చెప్పి ఆ సంగతికి వస్తాను. మల్లెతీగకు రోజు విడిచి రోజు నీళ్ళు పోస్తున్నాను. బావ రక్తపోటు మాత్ర వేసుకుంటున్నాడా అన్నావు. వేసుకుంటున్నాడు, కానీ దానిమీద ఉప్పు వేరుశనగలు నములుతాడు. ఇక నీ మూడో ప్రశ్న. "సూది మానేశావు కదరా, ఇప్పుడైనా మనిషిలా తింటున్నావా?" అని రాశావు. అక్కా, అది చదివి కాగితం మడిచి టైరు కింద పెట్టాను. నా పొట్ట గురించి ఈ ఊళ్ళో ప్రతివాడికీ ఒక ప్రశ్న ఉంది. నువ్వు కూడానా?

లావుగా ఉన్నప్పుడు నన్ను నీళ్ళ ట్యాంకరు అన్నారు. బరువు తగ్గించే సూదితో సన్నబడ్డాక ఏం జబ్బు అని అడిగారు. మా అత్తగారయితే నన్ను చూసినప్పుడల్లా ముక్కు చీదుకునేది. ఒకరోజు చొక్కా లోపల స్కూటర్ ట్యూబుకి గాలి కొట్టి కట్టుకుని వెళ్ళాను. "ఇప్పుడు కాస్త కళగా ఉన్నావు నాయనా" అంది. నేను కూర్చునేసరికి ట్యూబు కుయ్యిమంది. ఖితామ్ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇక మంగలి సుఫ్యాన్ ఏమన్నాడో తెలుసా? "సూదితో తగ్గడం తగ్గడమా? అది మోసం. మానేశావుగా, ఇక చూడు, అంతా తిరిగొస్తుంది." వాడి నోట్లోంచి వచ్చిన ఒకే ఒక్క నిజం అది, అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

మానేశాను అంటున్నారు గాని, నేను మానలేదు, అది నన్ను మానింది. క్లోమం వాచి నేను ఆసుపత్రిలో పడ్డ సంగతి నీకు తెలుసు. డాక్టర్ హనీన్ అప్పుడే చెప్పింది. "ఇక ఈ మందు మీకు జన్మలో వద్దు. ఇన్నాళ్ళూ ఆకలిని అది పట్టుకుంది. ఇప్పుడు వదిలేస్తుంది. పోయిన బరువును మీ ఒళ్ళు వెతుక్కుంటుంది, అది మీ తప్పు కాదు. కానీ బరువు వస్తే షుగరు పెరుగుతుంది, షుగరు పెరిగితే ఇదివరకు మానిన ఆ కాలి వేలు మళ్ళీ పుండవుతుంది. తర్వాత ఏమవుతుందో మీ నాన్నగారి విషయంలో చూశారు."

చూశాం కదా అక్కా. నాన్నకు మోకాలి కింద కాలు తీసేశాక ఆయన ఖాళీ పంట్లాం కాలును మడిచి పిన్ను పెట్టింది నువ్వే.

కాబట్టి నేను రోజూ పొద్దున గుడ్లూ పెరుగూ తిన్నాను, మధ్యాహ్నం పప్పు పులుసు తాగాను, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక కోట చుట్టూ నడిచాను. సూది ఉన్నప్పుడు ఇవన్నీ గొప్ప పనులు కావు. ఆకలే లేదు కనక రొట్టె నా ముందు నుంచి వెళ్ళిపోయినా నేను పలకరించేవాణ్ణి కాదు. ఇప్పుడు పక్కవీధిలో నెయ్యి కరిగితే నాకు తెలిసిపోతోంది. ఫలాఫెల్ కొట్టు తెరిచే చప్పుడుకి నోట్లో నీళ్ళూరుతున్నాయి. భోజనం అయిన గంటకే కడుపు పసిపిల్లలా ఏడుస్తుంది. ఇది ఎవరికైనా చెబితే, "రెండు ముద్దలకు ఏమవుతుందిలే" అంటారు. రెండు ముద్దలు పెట్టే చేతులు ఈ ఊళ్ళో ఎన్ని ఉన్నాయో వాళ్ళు లెక్కపెట్టరు.

ఇక శుక్రవారం. బావ అన్న కొడుకు నిశ్చితార్థం. నీ ఇంటి ముందు గుడారం వేశారు, మన్‌సఫ్ పళ్ళేలు దించారు. రొట్టె మీద అన్నం, అన్నం మీద మేకపోతు మాంసం, పైన ఎండు పెరుగు పులుసు, ఆపైన ఇంత నెయ్యి. ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుని పళ్ళెం చుట్టూ నిలబడ్డాం. నేనూ నిలబడ్డాను, తినే పద్ధతి కూడా ముందే ఆలోచించుకున్నాను. అంచున ఉన్న అన్నం కాస్త, కొవ్వు లేని ముక్క ఒకటి, నిదానంగా. మాంసం నా వైపు వచ్చినప్పుడల్లా పక్కనున్న వాళ్ళ వైపు వేలితో తోసేస్తున్నాను. ఎవరూ చూడలేదు. నీ మొగుడు చూశాడు.

పులుసు గిన్నె పట్టుకుని వచ్చి నా నెత్తిన నిలబడ్డాడు. "ఏరా సాయెల్, మా ఇంటి మాంసం నచ్చలేదా?"

"నచ్చింది బావా. కడుపు నిండింది."

"నిండిందా? పిచ్చుక నీకంటే ఎక్కువ తింటుంది." అని చేత్తో తల దగ్గరి మాంసం, నాలుక, కొవ్వు కలిపి పెద్ద ముద్ద చేసి నా ముందు పడేశాడు. "ఇది తినాలి."

"వద్దు బావా."

"పెళ్ళివాళ్ళ ముందు నా పరువు తీస్తావా?"

"నీ పరువు నా పొట్టలో ఎందుకు దాచుకున్నావు?" అన్నాను. అందరూ నవ్వారు. అదే నేను చేసిన పొరపాటు. నవ్వకపోతే వదిలేసేవాడు. నవ్వారు కనుక మొహం ఎర్రబడింది. "తలాక్ మీద ఒట్టు, మూడు తలాకుల మీద ఒట్టు, నువ్వది తినకుండా ఇక్కణ్ణుంచి కదలవు" అనేశాడు.

మన మగాళ్ళకు ఈ ఒట్టు తుమ్ము లాంటిది, ఆగదు. టీ తాగమని ఒట్టు, కారెక్కమని ఒట్టు, ఇంకో ముక్క తినమని ఒట్టు. పెళ్ళాలందరూ మాంసం ముక్కలకు కట్టిన దారాల మీద వేలాడుతున్నారు. అవతలివాడు గబుక్కున తినేస్తాడు, అందరూ భలే అంటారు. నలభై జతల కళ్ళు నా చేతి మీద ఉన్నాయి. పెద్దాయన ఒకాయన "తినేసెయ్ నాయనా, ఆడమనిషి ఇల్లు కూలుతుంది" అన్నాడు. నా అక్క ఇల్లు కూల్చేది బావ కాదట, నేనట.

నేను చెయ్యి తుడుచుకున్నాను. "మా అక్కను ముక్కకు పందెం కాసింది నువ్వు. నువ్వే తేల్చుకో" అని గుడారం దాటి వచ్చేశాను.

ఆదివారం బావ ముఫ్తీ గారి ఆఫీసుకి వెళ్ళాడు. భార్యను వదిలే ఉద్దేశం ఉందా, నన్ను బలవంతం చేసే ఉద్దేశమా అని ఆయన అడిగారట. "అల్లా సాక్షిగా, అన్నం తినిపించాలనే" అన్నాడట. అయితే విడాకులు పడలేదు, ఒట్టు తప్పినందుకు పదిమంది పేదలకు భోజనం పెట్టు అన్నారు. పెట్టాడు. వాళ్ళు ఒట్టు పెట్టించుకోకుండానే తిన్నారు.

ఇంతవరకూ నేను వీరుణ్ణి. ఊళ్ళో కుర్రాళ్ళు కొట్టుకి వచ్చి మరీ మెచ్చుకున్నారు. ఇక్కడితో ఉత్తరం ముగిస్తే బాగుండేది. కానీ శుక్రవారానికీ ఆదివారానికీ మధ్య ఒకటి జరిగింది. అది నీకు రాయకపోతే నేను కూడా బావలాంటి వాణ్ణే అవుతాను.

ఆ శుక్రవారమే, జనం వెళ్ళిపోయాక, మల్లెతీగకు నీళ్ళు పోయడానికి మీ పెరటిలోకి వచ్చాను. వంటింటి తాళం నా దగ్గరే ఉంది కదా. పండగకు దాచిన ఖర్జూరం నేతి బిస్కెట్ల డబ్బా నువ్వు ఎక్కడ పెడతావో నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఒక్కటి తిందామనుకున్నాను. నిలబడే తిన్నాను అక్కా, రుచి కూడా తెలియలేదు. పైవరస అయిపోయింది, రెండో వరసలో ఉన్నాను. తలుపు తెరుచుకుంది.

"ఎవరది?" అన్నాడు బావ.

"దొంగ" అన్నాను నోటినిండా.

నన్నూ డబ్బానూ చూశాడు. "నా చేతి ముద్ద విషం. ఇది మాత్రం దిగుతుందేం?"

చెప్పు విడిచి, మేజోడు లాగి, కుడి కాలు చూపించాను. వేలు మళ్ళీ పుండయింది. రెండు వారాలుగా అలాగే ఉంది, ఖితామ్‌కి చెప్పలేదు. బరువు మళ్ళీ ఎక్కుతోందని తెలిసి, సిగ్గేసి, డాక్టర్ దగ్గరికి పోవడం మానేశాను. గుడారంలో ఆ ముద్ద కాదన్నది ధైర్యంతో కాదు, భయంతో. వంటింట్లో ఆ భయం కూడా పని చేయలేదు.

బావ నేల మీద కూర్చుని నా పాదం ఒళ్ళో పెట్టుకుని చూశాడు. కాలు తీసేశాక నాన్నను మెట్లమీదుగా వీపున మోసినవాడు ఈ మనిషే కదా. "ఇంత జరుగుతుంటే నాకెందుకు చెప్పలేదురా?"

"చెబితే రెండు ముద్దలకు ఏమవుతుందిలే అంటావు."

"అనేవాణ్ణే" అన్నాడు. లేచి డబ్బాకు మూత పెట్టి, బీరువా మీదకు ఎక్కించి, వేలు చూపించి, "తలాక్ మీద ఒట్టు, ఇంకొక్కటి ముట్టావంటే..." అని మొదలుపెట్టాడు. ఎగిరి వాడి నోరు మూశాను. "బావా, ఈ రోజుకి అక్కను ఒకసారి వదిలావు, చాలు."

అప్పుడు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

శనివారం పొద్దున బావే నన్ను డాక్టర్ హనీన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. పుండు చిన్నదే, సమయానికే వచ్చాం అంది. వేరే షుగరు మాత్ర రాసింది, కట్టు కట్టింది. "ఐదు కిలోలు వచ్చాయి, కొండ కూలలేదు. రాకుండా దాక్కున్నారు చూడండి, దానికే తిడుతున్నాను" అంది. కట్టు ఉన్నన్నాళ్ళు కోట చుట్టూ నడక వద్దట. కొట్లో కూర్చుని చేతులకు పని చెబుతున్నాను. బావ రోజూ మధ్యాహ్నం వచ్చి నా పళ్ళెంలోకి తొంగిచూసి పోతాడు. అది ఇంకో రకం చిరాకు.

ఇక నీ చివరి మాట. బుడ్డోడికి నలభై రోజులు నిండగానే వస్తానన్నావు. నా కోసం నీ చేత్తో అమ్మ చేసినట్టే నెయ్యీ బాదం వేసి హరీసా మిఠాయి పళ్ళెం చేసి తెస్తానన్నావు. అది చదివినప్పుడు నాకు బావ మీదకంటే నీ మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఎందుకో ఇప్పుడు చెబుతాను. బావ ముద్దను నలభై మంది ముందు కాదన్నాను. నువ్వు పెడితే, గదిలో ఇంకెవరూ లేకపోయినా, నేను కాదనలేను. అమ్మ చనిపోయిన ఏడాది నువ్వు నోట్లో పెడితేనే మింగినవాణ్ణి. నీ చెయ్యి నా వైపు వస్తే నా నోరు నన్నడగదు, తెరుచుకుంటుంది.

అందుకని అక్కా, వట్టి చేతులతో రా. హరీసా వద్దు, సంచీలో పొట్లం వద్దు, "ఒక్కటే" అనవద్దు. నా పక్కన కూర్చో. మనిద్దరం మధ్యలో పళ్ళెం లేకుండా ఎప్పుడూ కూర్చోలేదు. మొదట ఏం మాట్లాడాలో తెలియక ఇద్దరం తెల్లమొహాలు వేస్తామేమో. వేద్దాం.

ఇట్లు,
నీ ఇంట్లో దొంగతనం చేసి, నీ మొగుడి చేతికి చిక్కిన
నీ తమ్ముడు
సాయెల్